తుప్పున బుట్టిన అయస్కాంతము

మన యిండ్లలోని రేడియోపెట్టె వెనుకపలకను విప్పి చూచినచో, మాటను వినిపించు కాగితపు గరాటునకు వెనుక నల్లని చక్ర మొకటి కనబడును. అది కుండపెంకు వలె పెళుసు, క్రిందబడినచో పగులును. దానికి వన్నెయు లేదు, మెరుగును లేదు. అయినను అది లేకున్న పెట్టెలో పాట పుట్టదు. ట్రాన్సిస్టరు పెట్టెలలో రాగితీగ చుట్టిన నల్లని కడ్డీ కూడ నొకటి యుండును. కడప నుండియో, బెంగుళూరు నుండియో వచ్చు మధ్యతరంగములను పట్టి లోపలికి దెచ్చునది ఆ కడ్డీయే. చక్రము శాశ్వతముగా అయస్కాంతమై యుండునది. కడ్డీ తరంగము వచ్చినపు డెల్ల క్షణక్షణము మారునది. గుణములు వేరైనను రెండును ఒక యింటి బిడ్డలే. ఆ యింటిపేరు ఫెర్రైట్. ఇనుపతుప్పును మరికొన్ని లోహముల భస్మములతో కలిపి, కుమ్మరి ఆవములో వలె కాల్చి చేసిన పదార్థ మిది.

ఇంత సామాన్యమైన వస్తువును గూర్చి నేడు ప్రపంచమున పెద్దపెద్ద కర్మాగారములు తల లూపుచు ఆలోచించుచున్నవి. మదనపల్లె, పుంగనూరు, కుప్పము సీమల యువకులు పనికై పోవు సరిహద్దు పట్టణములలో సయితము ఈ చర్చ నడచుచున్నది. ఏల యిట్లయ్యెనో తెలియవలె నన్నచో, అయస్కాంతము నడచివచ్చిన త్రోవను కొంత వెనుకకు పోయి చూడవలెను.

మన పూర్వులు ఎరిగిన అయస్కాంతము సూదంటురాయి. ఇనుపసూదిని తనవైపునకు లాగుకొనును గనుక ఆ పేరు. కాళిదాసు కుమారసంభవమున, తపస్సులో నిలిచిన శివుని మనస్సును పార్వతి ఆకర్షింపవలె నని చెప్పుచు, అయస్కాంతము ఇనుమును లాగు పోలికను వాడినాడు. కవికి ఉపమానముగా దొరకినంతగా ఆ రాయి మన దేశమున పరిచితమై యుండెను. ఈ సూదంటురాయి రసాయన శాస్త్రరీత్యా ఇనుపభస్మమే. ప్రకృతి తానై కాల్చి యిచ్చిన ఫెర్రైట్. కనుక మానవుడు చేతబట్టిన మొదటి అయస్కాంతమును, మన రేడియోలోని నల్లచక్రమును దూరపు చుట్టములు. నడుమ మాత్రము వేలయేండ్ల యెడబాటు కలదు.

ఆ యెడబాటునందు మానవుడు ఉక్కును నమ్ముకొనెను. గట్టిపరచిన ఉక్కును సూదంటురాతితో రాచి దిక్సూచి ముల్లులు చేసిరి. కాని ఉక్కు అయస్కాంతము చంచలమైనది; దెబ్బ తగిలినను, వేడి తగిలినను దాని బలము జారిపోవుచుండెను. 1917లో జపాను శాస్త్రజ్ఞుడు హోండా కోటారో ఉక్కునకు కోబాల్టును, టంగ్‌స్టనును, క్రోమియమును చేర్చి మునుపటి వానికంటె ఎంతయో స్థిరమైన అయస్కాంతమును సాధించెను. 1931లో ఆ దేశమువాడే యైన మిషిమా తోకుషిచి ఇనుము, నికెలు, అల్యూమినియములను కలిపి మరియొక మెట్టు ఎక్కెను. ఆ దారిననే కోబాల్టు చేరిన ఆల్నికో అను మిశ్రలోహము వచ్చినది. పాత వాల్వు రేడియోలలో ధ్వనిపేటికను నడుపుటకు తీగచుట్టలో విద్యుత్తును ప్రవహింపజేసి అయస్కాంతమును పుట్టింపవలసి యుండెడిది. ఆల్నికో వచ్చిన పిమ్మట ఆ శ్రమ తప్పినది.

ఇదే కాలమున తుప్పు కూడ తన దారిని తాను వెదకికొనుచుండెను. 1909లో బెర్లినునందు హిల్‌పెర్ట్ అను పండితుడు ఫెర్రైట్‌లను కృత్రిమముగా చేసి చూచెను. 1930లో టోకియోలో కాటో, టకెయి అను నిరువురు, కోబాల్టు ఫెర్రైట్‌ను అయస్కాంత క్షేత్రమున చల్లార్చినచో అది శాశ్వతముగా అయస్కాంత మగు నని కనుగొనిరి. వారి పరిశోధనలను పరిశ్రమగా మార్చుటకై 1935లో టి.డి.కె. సంస్థ వెలసినది. హాలెండు దేశమున ఐన్ధోవెన్ నగరమందలి ఫిలిప్సు ప్రయోగశాలలోను స్నూక్ మొదలగువారు ఫెర్రైట్‌ల పైననే పనిచేయుచుండిరి. 1948లో ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ నీల్ ఈ పదార్థములలోని అయస్కాంతత్వ రహస్యమును విప్పిచెప్పెను. 1970లో ఆయనకు నోబెలు బహుమానము లభించినది. 1952లో ఫిలిప్సువారు బేరియము, ఇనుముల భస్మములతో చేసిన శాశ్వతాయస్కాంతమును ఫెర్రాక్స్‌డ్యూర్ అను పేర లోకమునకు ప్రకటించిరి. 1960వ దశకపు ఆరంభమున బేరియమునకు బదులు స్ట్రాన్షియమును వాడుట తెలిసివచ్చినది. నేటి మేలిరకములలో అనేకము ఆ జాతివే.

దీనిని చేయు విధము మన కుమ్మరి పనికి, ఇటుకబట్టీ పనికి దగ్గరగా నుండును. ఇనుపభస్మమును, బేరియము లేక స్ట్రాన్షియము కార్బొనేటును కలిపి మొదట ఒకమారు కాల్చుదురు. దానిని నీటితో కలిపి, ఉక్కుగుండ్లతో దొర్లించి, రేణువు మిల్లీమీటరులో వేయవవంతు పరిమాణమునకు వచ్చువరకు నూరుదురు. ఆ బురదను అచ్చులో పోసి, బలమైన అయస్కాంత క్షేత్రములో నుంచి నొక్కుదురు. అప్పుడు రేణువు లన్నియు ఒకే దిక్కునకు తలలు త్రిప్పి నిలుచును. పిమ్మట సుమారు 1200 డిగ్రీల వేడిలో కాల్చి, చల్లార్చి, సానబట్టి, తుదకు అయస్కాంతత్వమును ఎక్కింతురు. కావలసిన సరకు లన్నియు చౌక. ఉక్కు కర్మాగారములలో ఇనుపరేకులను ఆమ్లముతో కడిగినపుడు మిగులు ద్రావణము నుండియే ఇనుపభస్మమును తీయవచ్చును. బేరియము విషయమున మన రాయలసీమ భాగ్యశాలి. కడప సీమలోని మంగంపేటలో దొరకు ముగ్గురాయి బేరియము ఖనిజమే; ప్రపంచమందలి పెద్ద నిక్షేపములలో అది యొకటి. అందులో అధికభాగము చమురుబావులు త్రవ్వువారి బురదలో కలియుటకై ఓడలెక్కి పోవుచున్నది.

చౌక యైనను ఫెర్రైట్‌ను చాలకాలము పెద్దలు పెద్దగా లెక్కచేయలేదు. చిన్న రేడియోలకు, ఆటబొమ్మలకు అది చాలును. మేలైన పనులకు ఆల్నికో ఉండవలె నని తలచిరి. ఆ తలపును మార్చినది యుద్ధము. 1978 మే నెలలో ఆఫ్రికాయందలి జైరు దేశమున షాబా రాష్ట్రము కల్లోలమున మునిగినది. ప్రపంచమునకు కావలసిన కోబాల్టులో పెద్దభాగము ఆ గనుల నుండియే వచ్చుచుండెను. ధర కొన్నిరెట్లు పెరిగినది. ధ్వనిపేటికలు చేయు ప్రసిద్ధ సంస్థలు ఆల్నికోను విడిచి, బరువైనను పెద్దదైనను ఫెర్రైట్ చక్రమునే వరించినవి. అనగా ఒక మారుమూల గని మూతబడిన మాత్రమున, నాలుగు ఖండముల కర్మాగారములు తమ నమూనాలను తిరుగ గీసికొనవలసి వచ్చెను.

ఆ కోబాల్టు కరవే మరియొక బిడ్డను కన్నది. కోబాల్టు లేకుండ బలమైన అయస్కాంతమును చేయవలె నని జపానులో సగావా మసాటో, అమెరికాలో జనరల్ మోటార్సు సంస్థకు చెందిన క్రోట్ వేరువేరుగా శ్రమించి, 1983లో నియోడిమియము, ఇనుము, బోరానుల అయస్కాంతమును ప్రకటించిరి. దీని బలము అపూర్వము. ఒక ఘనమీటరు అయస్కాంతము నిలుపగల శక్తిని కిలోజౌళ్ళలో కొలిచినచో, పాతకాలపు ఉక్కునకు రెండు, మేలి ఆల్నికోకు సుమారు 40, ఫెర్రైట్‌కు 30 మొదలు 40 వరకు వచ్చును; నియోడిమియము జాతికి 250 మొదలు 400 దాటి యుండును. చేతిలోని ఫోను, గాలిమరలోని జనరేటరు, విద్యుత్తుతో నడచు బండి, అన్నియు దీని చలువచేతనే చిన్నవై తేలికైనవి. మనము గమనింపవలసిన దేమనగా, నేడు కొరత యని వాపోవుచున్న ఈ అయస్కాంతము తానే ఒకనాడు కొరతకు విరుగుడుగా పుట్టినది.

నియోడిమియము విరళ మృత్తికలను లోహకుటుంబములోనిది. పేరు విరళమే గాని భూమిలో వీనికి కొదవ లేదు. కాని ఇవి ఒకదానినొకటి అంటిపెట్టుకొని యుండును. విడదీయుట కష్టము, ఆ పనిలో పుట్టు వ్యర్థములు హానికరములు. ఆ కష్టమును చైనా దేశము దశాబ్దముల తరబడి నెత్తికెత్తుకొనెను. తక్కిన దేశములు చౌకసరకు దొరకుచున్నదని తమ గనులను, కర్మాగారములను మూసికొనెను. జనరల్ మోటార్సువారు సయితము ఈ అయస్కాంతములను చేయు తమ మాగ్నెక్వెంచ్ సంస్థను 1995లో చైనా సంస్థలు భాగస్వాములుగా నున్న బృందమునకు అమ్మివేసిరి. ఇప్పుడు ప్రపంచపు నియోడిమియము అయస్కాంతములలో నూటికి తొంబది వంతులు చైనాలో తయారగుచున్నవి. 2010లో జపానుతో తగవు వచ్చినపుడు అక్కడికి సరకు నిలిచినది. మరుసటి యేట ధరలు ఆకాశము నంటినవి. 2025 ఏప్రిలులో డిస్ప్రోసియము, టెర్బియము, సమేరియము మొదలగు ఏడు మృత్తికల ఎగుమతికి చైనా లైసెన్సు నిర్బంధము విధించినది. డిస్ప్రోసియ మను గ్రీకు పేరునకు దొరకుట దుర్లభ మని యర్థము. నియోడిమియము అయస్కాంతము వేడికి లొంగకుండ నుండుటకు దానిని చేర్చవలసి యుండును. కనుక మోటారుబండ్లకు అదియే ప్రాణము.

ఆ యేటి వేసవిలో మన దేశపు విద్యుత్ ద్విచక్రవాహన పరిశ్రమ కలవరపడినది. ఆ కలవరము మన సీమకు దూరమైనది కాదు. కుప్పము మూడు రాష్ట్రముల కూడలి. ఒకవైపున కోలారు, మరియొకవైపున కృష్ణగిరి జిల్లా. తెలుగు మాటాడు కుటుంబములు తరతరములుగా నిలిచియున్న హోసూరు పట్టణమున టి.వి.ఎస్., ఏథర్ సంస్థల వాహన కర్మాగారములున్నవి. కృష్ణగిరి జిల్లా పోచంపల్లి వద్ద ఓలా ఎలక్ట్రిక్ సంస్థ స్కూటర్ల కర్మాగారము కలదు. ఇది పట్టుచీరల పోచంపల్లి కాదు, దాని పేరింటిది. కుప్పము నుండి తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరునకు పనికి పోవువారిని మనమందరము ఎరుగుదుము. బండి కర్మాగారమున ఒక వరుస ఆగినచో, దానికి బోల్టులు, తీగలు, ప్లాస్టిక్కు రేకులు సమకూర్చు చిన్న షెడ్డులును ఆగును. సముద్రముల కావల ఒక గుమాస్తా లైసెన్సు కాగితముపై ముద్ర వేయనిచో, ఇచ్చట దినవేతనముపై బ్రతుకు వాని పొయ్యిలో పిల్లి లేవదు. అయస్కాంతపు చరిత్రలో మన గృహస్థులకు సంబంధించిన భాగ మిదియే.

ఇట్టి సమయమున 2025 అక్టోబరులో, విరళ మృత్తికలు లేని తమ ఫెర్రైట్ మోటారునకు తమిళనాడులోని గ్లోబల్ ఆటోమోటివ్ రిసెర్చ్ సెంటరు ప్రభుత్వ ధ్రువీకరణ మిచ్చిన దని ఓలా సంస్థ ప్రకటించినది. ఇది ఇంతకుముందు లేని ప్రయత్నము కాదు. అమెరికాలో 2016 నమూనా షెవర్లే వోల్ట్ కారులోని రెండు మోటారులలో ఒకదాని యందు ఫెర్రైట్‌నే వాడిరి. కాని మన సరిహద్దు కర్మాగారమున, మన జనులు నడుపు బండికై ఇది జరుగుట ముచ్చట గొలుపు విషయము.

అయినచో బలము పదింతలు తక్కువైన తుప్పురాయి అంతపని ఎట్లు చేయగలదు? ఇచ్చట మనము కొంత లోతునకు పోవలెను. ఫెర్రైట్‌లోని ఇనుప పరమాణువులను తాడులాగు పందెమున నిలిచిన పండ్రెండుగురితో పోల్చవచ్చును. నియోడిమియము అయస్కాంతములో ఇనుప పరమాణువు లన్నియు ఒకవైపే లాగును. ఫెర్రైట్‌లో ఎనమండుగురు ఒకవైపు లాగుచుండగా, నలుగురు ఎదురువైపు లాగుదురు. మిగులు బలము నలుగురిది మాత్రమే. నీల్ విప్పిచెప్పిన రహస్య మిదియే. కనుక ఫెర్రైట్‌ను ఎంత మెరుగుపరచినను, దాని శక్తి ఘనమీటరునకు సుమారు 45 కిలోజౌళ్ళకు మించుటకు ప్రకృతియే ఒప్పుకొనదు. మేలిరకములు ఇప్పటికే 40కి చేరువలో నున్నవి. ఫెర్రైట్ రేపు నియోడిమియముతో సమాన మగు నని చెప్పువారి మాటలను మనము నమ్మరాదు.

మరి మెరుగు ఎందున్నది? మొదటి మెరుగు పట్టుదలయందు. 1990వ దశకపు చివర జపాను సంస్థలు స్ట్రాన్షియములో కొంత తొలగించి లాంథనమును, ఇనుములో కొంత తొలగించి కోబాల్టును చేర్చిరి. దానిచేత ఎదురు క్షేత్రమునకు లొంగని పట్టుదల పెరిగినది. ఇందొక చమత్కారము కలదు. లాంథనము కూడ విరళ మృత్తికయే. కోబాల్టు మనము పైన చెప్పిన పాత చిక్కే. అయితే చేర్చవలసినది స్వల్పము. లాంథనము గనులలో సమృద్ధిగా మిగులు సరకు గనుక దానికి వెరవ నక్కరలేదు. రెండవ మెరుగు రేణువుల కూర్పునందు: రేణువు మరింత సన్నమై, మరింత సమానమై, ఒకే దిక్కునకు నిలిచినచో శక్తి వ్యర్థము కాదు. మూడవది, అన్నిటికంటె పెద్దది, అయస్కాంతమున లేదు, మోటారునందు కలదు. అయస్కాంత ఫలకములను బండిచక్రపు ఆకుల వలె నిలువుగా అమర్చినచో, రెండు ముఖముల బలము ఒకచోటికి పిండబడును. ఇనుము తానై తిరుగుబలమును కొంత ఇచ్చునట్లు దాని ఆకృతిని మలచవచ్చును. అప్పుడు బలహీనమైన అయస్కాంతముతోనే చాలినంత పని జరుగును. మోటారు కొంత పెద్దదియు బరువైనదియు నగు మాట నిజము. ఆ బరువునకు తగిన ధర తగ్గుట కూడ నిజము.

వేడి విషయమున ఫెర్రైట్‌ది విచిత్ర స్వభావము. వేడి పెరిగినకొలది దాని బలము డిగ్రీకి నూటికి సుమారు 0.2 వంతున తగ్గును గాని, ఎదురు క్షేత్రమును తట్టుకొను పట్టుదల పెరుగును. నియోడిమియమునకు వేడిలో ఆ పట్టుదలయే సడలును. ఫెర్రైట్‌కు శత్రువు గడ్డకట్టించు చలి. అది ఐరోపా వారికి చింత గావచ్చును. చలికాలమున దుప్పటి కప్పుకొను మదనపల్లెలో కూడ నీరు గడ్డకట్టదు గదా! పైగా ఇది ముందే తుప్పు గనుక మరల తుప్పు పట్టదు. నియోడిమియమునకు వలె నికెలు పూత అక్కరలేదు. విద్యుత్తు దీనిగుండ ప్రవహింపదు గనుక సుడిప్రవాహముల వలని నష్టమును లేదు.

విరళ మృత్తికలు మన తీరపు ఇసుకలోనే యుండగా తుప్పును పట్టుకొని వ్రేలాడ నేల యని కొంద రడుగుదురు. ప్రశ్న న్యాయమైనదే. భీమునిపట్నము మొదలుగా మన తీరమున మోనజైటు గల ఇసుక కలదు. అమెరికా భూగర్భ సర్వేక్షణ సంస్థ లెక్క ప్రకారము భారతదేశమున 69 లక్షల టన్నుల విరళ మృత్తికల నిక్షేపములున్నవి. విశాఖపట్నమున సమేరియము, కోబాల్టుల అయస్కాంతములు ఏడాదికి 3,000 కిలోలు చేయగల కర్మాగారమును 2023 మే 11న జాతికి అంకితము చేసిరి. 2025 నవంబరు 26న కేంద్ర మంత్రివర్గము, ఏడాదికి 6,000 టన్నుల విరళ మృత్తిక అయస్కాంతములు ఈ దేశముననే తయారగుటకై 7,280 కోట్ల రూపాయల పథకమును ఆమోదించినది. ఇవి యన్నియు చేయవలసిన పనులే. కాని ఇసుక అయస్కాంత మగుటకు ఏండ్లు పట్టును. దొరకిన విలువైన సరకును అది తప్ప మరియొకటి పనికిరాని చోటనే, అనగా క్షిపణులయందు, ఉపగ్రహములయందు, పెద్ద వాహనములయందు వాడవలెను. బంగారముతో పొలమునకు కంచె వేయుదుమా?

తక్కిన చోట్ల తుప్పు చాలును. ప్రపంచమున తయారగు శాశ్వతాయస్కాంతములను తూకమున చూచినచో నేటికిని అధికభాగము ఫెర్రైట్‌దే. కారు అద్దములు తుడుచు మోటారులోను, చల్లనిపెట్టె తలుపు రబ్బరులోను అదియే యున్నది. పాతరకము పంకా సుమారు 75 వాట్లు త్రాగుచుండగా, ముప్పది వాట్లతో అదే గాలి నిచ్చు కొత్తరకము పంకాలు పలుచోట్ల ఫెర్రైట్ అయస్కాంతముల తోడనే తిరుగుచున్నవి. మన రైతు బోరుబావిలో దించు మోటారునందు సాధారణముగా అసలు శాశ్వతాయస్కాంతమే యుండదు. రాగితీగయు ఇనుపరేకులును చేరి ఆ పని చేయును. ఏ పనికి ఎంత బలము కావలెనో తూచి చూచుటయే తెలివి గాని, అన్నిటికిని అధిక బలమును కోరుట తెలివి గాదు.

మదనపల్లెలో 1915 నుండి కళాశాల విద్య కలదు. నేడు మదనపల్లెలోను కుప్పములోను ఇంజనీరింగు కళాశాలలు నడచుచున్నవి. హైదరాబాదులో లోహచూర్ణ పరిశోధనలకు అంతర్జాతీయ కేంద్రము పేర ఒక సంస్థ యున్నది. మద్రాసునందు దాని శాఖ వాహనముల పదార్థములపై పనిచేయుచున్నది. మంగంపేట ముగ్గురాయి ఒక ప్రక్క, హోసూరు కర్మాగారములు మరియొక ప్రక్క, నడుమ ఈ సీమ యువకులు. విరళ మృత్తికలను శుద్ధి చేయుటకు కావలసిన మహాపెట్టుబడి వీరికి దొరకక పోవచ్చును. నూరుట, అచ్చుపోయుట, కాల్చుట, మోటారు నమూనాను గీయుట యను పనులు మాత్రము చిన్న ఊళ్ళకు అందరానివి కావు. ఆవపు వేడిని కనిపెట్టి చూచు నేర్పు మన కుమ్మరులకు కొత్తది గాదు. దానికి కొలమానము కళాశాలలో నేర్వవచ్చును.

కోబాల్టు కొరత నియోడిమియమును తెచ్చెను. నియోడిమియము కొరత మరల ఫెర్రైట్‌వైపు చూపు త్రిప్పెను. రేపు మరియొక లోహము రావచ్చును, దానికిని కొరత రావచ్చును. ఈ రాకపోకల నడుమ డెబ్బది యేండ్లుగా ఎవరి అనుమతియు కోరక, ధర పెంచక, మన యిండ్లలో పాట వినిపించుచున్నది ఆ నల్లని చక్రము. దానికి ఇప్పుడు బండి లాగు పని చెప్పుచున్నాము. బరువును మోయగలదా యను సందేహము సహజమే. మోయగలిగినంతయే దానిపై పెట్టి, మిగిలిన దానిని మోటారు గీయు వారి బుద్ధిపై పెట్టినచో, అది మోయు ననియే చరిత్ర చెప్పుచున్నది.